కొండ గుడికి చీకట్లో బయలుదేరకండి

గుడుపల్లె, కుప్పం, రామకుప్పం, పలమనేరు వైపు కొండ గుళ్లకు కాలినడకన వెళ్లేవారందరికీ ఇది హెచ్చరిక. బాగా తెల్లవారకముందు అడవి దారిలో కాలు పెట్టకండి. పొద్దు వాలకముందే కొండ దిగి ఊరు చేరండి. మొక్కు ఎంత పెద్దదైనా, ముహూర్తం ఎంత గట్టిదైనా, వెంట ఎంతమంది ఉన్నా ఈ మాట మారదు. ఆ దారుల్లో ఏనుగులున్నాయి. వాటి కింద పడి చనిపోయినవాళ్లలో పొలం కాపలాకు పోయిన రైతులున్నారు, పశువుల వెంట వెళ్లినవాళ్లున్నారు. దేవుడి దర్శనానికి బయలుదేరినవాళ్లూ ఉన్నారు.

2025 ఫిబ్రవరి చివరి వారంలో జరిగింది ఇంకా ఎవరూ మరిచిపోయి ఉండరు. మహాశివరాత్రి ముంగిట ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలం నుంచి కొందరు భక్తులు శేషాచలం అడవిదారిన తలకోన సిద్ధేశ్వరస్వామి దర్శనానికి నడిచి బయలుదేరారు. ఏటా వెళ్లే దారే, చిన్నప్పటి నుంచి ఎరిగిన అడవే. గుండాలకోన దగ్గర చీకట్లో ఏనుగుల గుంపు వాళ్ల మీద పడింది. కొందరు అక్కడికక్కడే ప్రాణాలు వదిలారు, మిగతావాళ్లు చెట్లపొదల్లో పడి, గాయాలతో బయటపడ్డారు. పండగ ఇంకా రానేలేదు, ఊళ్లో చావు మేళం మోగింది. ఆ తర్వాత పరామర్శలు, పరిహారం ప్రకటనలు, నాలుగు రోజుల వార్తలు అన్నీ అయిపోయాయి. చీకటి నడక మాత్రం ఆగలేదు.

శేషాచలం అడవిలో జరిగిన దాన్ని గుడుపల్లె వాళ్లకు ఎందుకు చెప్పాలి? ఇక్కడ ఏనుగుల ముప్పు అంతకంటే పాతది, అంతకంటే దగ్గరిది కాబట్టి. గుడుపల్లె మండలం కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉంది. అటు బంగారుపేట, కేజీఎఫ్; కాస్త దక్షిణానికి జరిగితే తమిళనాడు కృష్ణగిరి. మూడు రాష్ట్రాల అడవులు ఇక్కడ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. సరిహద్దు రాళ్లు మనకే గానీ ఏనుగులకు లేవు. రాత్రి కామసముద్రం వైపు మేసిన గుంపు తెల్లారేసరికి మన మామిడితోటలో కనిపించడం ఈ మండలంలో వింత కాదు. అదే మండలంలో గుడివంక సుబ్రహ్మణ్యస్వామి ఉన్నాడు. ఆడికృత్తికకు మూడు రాష్ట్రాల నుంచి కావళ్లు ఎత్తుకుని జనం వస్తారు. మల్లప్పకొండ మీద శివుడున్నాడు. బిసానత్తం, చిగురుకుంట బంగారు గనుల పేరుతో పాటు వినిపించే కొండే అది. కుప్పం పక్కన కంగుంది కోట, ఆ కొండ చుట్టూ ఉన్న పాత గుళ్లు సరేసరి. మన పెద్దలు దేవుణ్ణి ఎక్కువగా కొండ మీదే పెట్టారు, కొండ చుట్టూ అడవిని ఉంచారు. ఇప్పుడు ఆ అడవిలో ఏనుగు ఉంది.

ఈ మాట చెప్పినప్పుడల్లా వచ్చే జవాబు ఒకటుంది. "మా నాయన పోయినాడు, మా తాత పోయినాడు, తెల్లారుజామున మూడు గంటలకే లేచి పోయినారు. వాళ్లకేమైంది?" వాళ్లకేమీ కాలేదు, నిజమే. ఎందుకంటే వాళ్ల రోజుల్లో ఇక్కడ ఏనుగులు లేవు.

ఈ ఒక్క సంగతి ఊరూరా చెప్పాలి. దాదాపు రెండు వందల ఏళ్లపాటు చిత్తూరు జిల్లా అడవుల్లో అడవి ఏనుగు జాడ లేదు. 1980ల తొలి సంవత్సరాల్లో కరవుకూ, అడవులు కుంచించుకుపోయినందుకూ కర్ణాటక, తమిళనాడు వైపు నుంచి, ఆనేకల్, హోసూరు, కృష్ణగిరి అడవుల నుంచి గుంపులు ఇటు రావడం మొదలుపెట్టాయి. వచ్చినవి వెనక్కి పోలేదు. వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు, సుమారు 358 చదరపు కిలోమీటర్లు. అంటే పొద్దు పొడవకముందే కొండెక్కాలన్న ఆచారం ఏనుగు లేని కాలంలో పుట్టి పెరిగింది. ఎండ తగలకుండా, చల్లటి వేళ నడిచి, సూర్యోదయానికి స్వామి ముందు నిలబడాలన్నది ఆనాటి ఏర్పాటు. అది మంచి ఏర్పాటే. అడవి మారిపోయాక కూడా దాన్నే పట్టుకుని వేలాడితే ఆచారం పాటించినట్టు కాదు, పెద్దల తెలివిని పక్కన పెట్టినట్టు. ఈ సీమలో ఊరి పొలిమేరల్లో వీరగల్లులు నిలబడి ఉన్నాయి. మదనపల్లె దగ్గరి చిప్పిలి నుంచి ఏలిన వైదుంబ రాజుల నాటివి కొన్ని. పశువుల మందకోసం, ఊరికోసం పోరాడి చచ్చిపోయినవాళ్లకు అప్పటి జనం రాయి నాటి దండం పెట్టారు. ముప్పు ఎటునుంచి వస్తుందో కనిపెట్టుకుని ఉండటం ఈ నేల మీద కొత్త విద్య కాదు.

ఏనుగు దినచర్య, మన భక్తుల దినచర్య పక్కపక్కన పెట్టి చూడండి. పగటివేళ గుంపు అడవిలోపల, కొండవాలున, నీళ్లున్న చోట నీడపట్టున నిలబడి ఉంటుంది. పొద్దుగూకాక తోటలకూ, పొలాలకూ దిగుతుంది. రాత్రంతా మేసి తెల్లారుజామున మళ్లీ అడవికి మళ్లుతుంది. మూడు నుంచి ఆరు గంటల మధ్య అది కొండ వైపు నడుస్తుంటుంది. సరిగ్గా ఆ వేళకే మనం కూడా కొండ వైపు నడుస్తుంటాం. దారి కూడా ఒక్కటే. ఏనుగు కూడా ముళ్లపొదల్లో దూరి పోదు, మనుషులు నడిచి చదును చేసిన బాటనే ఎంచుకుంటుంది. వాగు దాటే చోటు, కొండకు ఎక్కే సందు రెండింటికీ అవే.

దానికి తోడు పండగలు వచ్చే కాలం. శివరాత్రి నాటికి అడవిలో నీటిగుంటలు ఎండిపోవడం మొదలవుతుంది. కొండ గుడి పక్కన కోనేరో, రాతి దోనో ఉంటే గుంపుకు అదే దిక్కు. ఆడికృత్తిక వచ్చేది మామిడి కోతలు ఇంకా పూర్తిగా ముగియని వేళకు. కార్తీక మాసం వచ్చేసరికి రాగి కంకి పట్టి ఉంటుంది, వరి పాలు పోసుకుని ఉంటుంది. ఒక్క పెద్ద ఏనుగుకు రోజుకు క్వింటాలున్నర దాకా మేత కావాలి. అది ఎటు పోతుందో ఊహించడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. మన సంచిలో ఉండేదేమిటి? అరటిపండ్లు, బెల్లం, కొబ్బరికాయలు, చెరకుగడ. ఏనుగు ముక్కు సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ సంచి భుజాన వేసుకుని చీకట్లో అడవిలో నడవరు.

ఇక గుడి దగ్గర మనం వదిలిపెట్టేవి. తిన్న అరటితొక్కలు, విస్తరాకుల్లో మిగిలిన పొంగలి, బెల్లం అంటుకున్న ప్లాస్టిక్ సంచులు దారి పొడవునా పారేసి వస్తాం. ఆ రాత్రి గుంపు వాటికోసం వస్తుంది. దొరికిన చోటు ఏనుగు మరచిపోదు, మళ్లీ వస్తుంది. కాబట్టి ఈ రోజు మనం పారేసిన ఎంగిలి ఆకు రేపు ఇంకెవరి ప్రాణానికో చుట్టుకుంటుంది. కొండకు తీసుకెళ్లిన ప్రతిదీ కొండ దించి తీసుకురండి. ఈ విషయంలో గుడి కమిటీలు మొహమాటపడకూడదు. దర్శనానికి వచ్చినవాడు చెత్త పారేస్తే గట్టిగా చెప్పండి.

చాలామంది మనసులో మరో మాట ఉంటుంది, పైకి అనరు. ఏనుగంటే వినాయకుడు కదా, దండం పెట్టి పక్కకు తప్పుకుంటే ఏమీ అనదు అని. భక్తిని ఎగతాళి చేయడం ఈ రాత ఉద్దేశం కాదు. కానీ దండం పెట్టడానికి దగ్గరికి వెళ్లనవసరం లేదు. జపాన్‌లో నారా అనే పాత రాజధాని నగరం ఉంది. అక్కడి కసుగా షింటో మందిరం 8వ శతాబ్దం నాటిది. దేవుడు తెల్లజింక మీద ఎక్కి వచ్చాడని వాళ్ల నమ్మకం. అందుకే జింకల్ని దేవుడి దూతలుగా చూస్తారు, వందల కొద్దీ జింకలు ఊళ్లోనే తిరుగుతుంటాయి. 1957లో వాటిని జాతీయ సహజ సంపదగా ప్రకటించారు. అయినా అదే ఊళ్లో బోర్డులుంటాయి: ఈ జింకలు కరుస్తాయి, తన్నుతాయి, కొమ్ములతో పొడుస్తాయి, మనుషుల్ని పడదోస్తాయి అని బొమ్మలేసి మరీ చెబుతారు. 17వ శతాబ్దం నుంచి ఏటా శరత్కాలంలో మగజింకల కొమ్ములు కోసేస్తున్నారు, జనానికి గుచ్చుకోకూడదని. దైవదూత అనే నమ్మకం వాళ్లకు పోలేదు, అది అడవి జంతువన్న ఎరుక కూడా పోలేదు. నలభై, యాభై కిలోల జింక విషయంలో వాళ్లు అంత జాగ్రత్త పడుతుంటే, నాలుగైదు టన్నుల ఏనుగు ఎదుట మనం సెల్‌ఫోన్ పట్టుకుని నిలబడుతున్నాం.

సెల్‌ఫోన్ గురించి వేరే చెప్పక తప్పదు. ఏనుగులు దిగాయని తెలిస్తే పారిపోయే రోజులు పోయి, బైకులేసుకుని ఎదురెళ్లే రోజులు వచ్చాయి. గుంపు తోటలో చిక్కుకుని ఉంటే చుట్టూ వందమంది కేకలు, ఈలలు, టపాకాయలు. రీల్ కోసం ఇరవై అడుగుల దూరానికి పోయే కుర్రాళ్లు. పగలంతా ఇలా తరిమి, రెచ్చగొట్టి, అలసగొట్టిన గుంపే రాత్రికి అడవి దారిలో నిలబడి ఉంటుంది. ఆ కోపం తీర్చుకునేది రీల్ తీసినవాడి మీద కాదు, ఏమీ తెలియకుండా కావడి భుజాన వేసుకుని వస్తున్న ముసలాయన మీద. ఏనుగుల్ని తరిమే పని అటవీశాఖ ట్రాకర్లది. వాళ్లను చేయనివ్వండి.

ఏనుగు ఎదురైతే ఏం చేయాలని అడిగేవాళ్లకు మొదటి జవాబు ఎదురుకాకుండా చూసుకోవడమే. దారిలో తాజా లద్దె, అప్పుడే విరిగిన కొమ్మలు, బురదలో పెద్ద అడుగులు, గాలిలో ఘాటైన పశువాసన తగిలితే అక్కడికక్కడే ఆగి వెనక్కి తిరగండి. ఇంకో వంద గజాలు పోయి చూద్దామనకండి. ఏనుగు అడుగు చప్పుడు వినపడదు. అంత పెద్ద ఒళ్లు పది గజాల దూరంలో పొద వెనక నిలబడి ఉన్నా మనకు తెలియదు. దూరంగా కనిపిస్తే మాట్లాడకుండా, లైటు ముఖాన కొట్టకుండా, గాలి మన మీదుగా దాని వైపు వీచని దిక్కుకు జరగండి. పిల్ల ఉన్న గుంపు, ఒంటరిగా తిరిగే మగ ఏనుగు, కణతల నుంచి మదజలం కారుతున్నది, ఈ మూడింటిలో ఏదైనా మరీ ప్రమాదం. చెవులు విప్పి, తొండం ఎత్తి మీదికి వస్తే సంచి అక్కడే పారేయండి. అది దాని దగ్గర ఒక్క నిమిషం ఆగినా ఆ నిమిషం మీది. తిన్నని బాటలో పరుగుపందెం పెట్టుకుంటే మనిషి గెలవడు. పెద్ద బండల వెనక్కి, ఏనుగు పట్టని రాళ్ల సందుల్లోకి పోవాలి. ఎక్కువమంది ఉంటే ఏమీ కాదన్న ధైర్యం కూడా వద్దు. తలకోన దారిలో వెళ్లిందీ గుంపుగానే.

అడవిలో ఏనుగులున్నాయని కొందరు పొలాల గట్ల మీదుగా అడ్డదారిన పోతారు. అది మరో మృత్యువు. అడవిపందులకూ ఏనుగులకూ అడ్డంగా దొంగచాటుగా కరెంటు తీగలు లాగే రైతులు ఈ ప్రాంతంలో లేరని ఎవరూ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేరు. సోలార్ కంచె తగిలితే షాక్ కొట్టి వదిలేస్తుంది. మెయిన్ లైను నుంచి లాగిన తీగ వదలదు. చీకట్లో ఆ తీగ కనిపించదు. ఆ పని నేరమని, మనిషి చనిపోతే జైలేనని రైతులకు తెలుసు. తెలిసీ చేసేవాళ్లు తమ చేలో పడేది ఏనుగో, పంది పిల్లో, పక్క ఊరి ఆడమనిషో ముందుగా చెప్పగలరా?

మన పక్కనే తిరుమల ఉంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పసిపిల్లను చిరుత ఎత్తుకుపోయి చంపింది. ఆ దారిలో రోజూ వేలమంది నడుస్తారు, దీపాలున్నాయి, మెట్లున్నాయి, కాపలా ఉంది. అయినా జరిగింది. తర్వాత పిల్లలతో నడిచేవారిని మధ్యాహ్నం రెండు గంటల వరకే అనుమతించారు, భక్తుల్ని గుంపులుగా పంపారు, బోనులు పెట్టి చిరుతల్ని పట్టారు, నడిచేవాళ్ల చేతికి కర్రలిచ్చారు. కర్రల మీద జోకులు వేసినవాళ్లు వేశారు. కానీ వేళకు గేటు మూసినందుకు ఎవరి భక్తీ తగ్గలేదు. శబరిమలకు ఎరుమేలి నుంచి నడిచే అడవి దారిలోనూ అంతే. వేళ దాటితే అళుదా దగ్గర ఆపేస్తారు, మన అయ్యప్పస్వాములే ఏటా అక్కడ ఆగి, మర్నాడు పొద్దున కదులుతారు. అక్కడ ఒప్పుకున్న క్రమశిక్షణ ఇంటి పక్క కొండకు వచ్చేసరికి ఎందుకు గుర్తుండదో ఆలోచించండి.

ఇక ప్రభుత్వం వంతు. భక్తుడు జాగ్రత్తగా ఉండాలని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. రామకుప్పం మండలం ననియాల శిబిరంలో జయంత్, వినాయక్ అనే కుంకీలు, అంటే అడవి ఏనుగుల్ని తరిమేందుకు మచ్చిక చేసి నేర్పిన ఏనుగులు, చాలాకాలంగా ఉన్నాయి. 2025 మే 21న కర్ణాటక మరో నాలుగు కుంకీలను బెంగళూరులో మన రాష్ట్రానికి అప్పగించింది. వాటికోసం పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం పెట్టారు. మంచిదే. కానీ కుంకీ పని గుంపు ఊరి మీద పడ్డాక మొదలవుతుంది. గుడి దారిలో ప్రాణం కాపాడేది ముందు రోజు సాయంత్రం అందే సమాచారం. ఏ గుంపు ఏ కొండన ఉందో ట్రాకర్లకు తెలుసు. ఆ సంగతి గుడి పూజారికి, పంచాయతీకి, ఆటోస్టాండుకు, గుడుపల్లె, కుప్పం రైల్వేస్టేషన్లలో దిగే భక్తుడికి చేరడం లేదు. బంగారుపేట నుంచి వచ్చి దిగినవాడికి మన వాట్సాప్ గ్రూపులు తెలియవు. అటవీశాఖ, దేవాదాయశాఖ కూర్చుని ఒక్కో కొండకు వేళలు ఖరారు చేయాలి. పండగ మూడు రోజులూ కొండ మొదట్లో మనిషిని పెట్టాలి. తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ మైకులో చెప్పాలి, ఊళ్లలో దండోరా వేయించాలి. ఏనుగులు దగ్గర్లో ఉంటే ఆ రోజు దారి మూసేయాలి. ఎమ్మెల్యే సిఫారసు చేసినా తెరవకూడదు. తుప్పుపట్టిన బోర్డు ఒకటి పాతేసి హెచ్చరించామనడం కుదరదు.

పూజారులకూ ఒక విన్నపం. బ్రాహ్మీముహూర్తంలో అభిషేకం పేరుతో జనాన్ని చీకట్లో కొండెక్కించకండి. అర్చన మీరు వేళకు చేసుకోండి, భక్తుల దర్శనం తొమ్మిది గంటలకు పెట్టండి. శివరాత్రి జాగరణకు కొండ మీదే ఉండిపోయేవాళ్లను వెలుగుండగానే పైకి పిలిపించుకుని, తెల్లవారి ఎండ వచ్చాకే దించండి. రాత్రి మధ్యలో ఒక్కొక్కరుగా దిగిపోయేవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడతారు. ఇంటికి పోయి పాలు పితకాలనో, పొద్దున్నే డ్యూటీ ఉందనో తొందరపడే వాళ్లను ఆపే మాట మీ నోటి నుంచి వస్తేనే వింటారు.

గుడుపల్లె వైపు ఈసారి కొండకు బయలుదేరేవారు ముందు రోజే ఊళ్లో ఒక మాట అడగండి: ఏనుగులు ఎటున్నాయి? దగ్గర్లో ఉన్నాయంటే ప్రయాణం మానుకోండి. లేవన్నా సరే తెల్లవారేదాకా ఆగండి. దారిలో ఆపద వస్తే 112కు, గాయపడినవారికోసం 108కు ఫోన్ చేయండి. సిగ్నల్ లేని చోట్లు ఎక్కువ కాబట్టి ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. కృత్తిక ప్రతి నెలా వస్తుంది, మాసశివరాత్రీ ప్రతి నెలా వస్తుంది. ఈ నెల కుదరకపోతే వచ్చే నెల పగటిపూట వెళ్లి మొక్కు తీర్చుకోండి.